మనం డబ్బు కట్టిన పొలం ఈరోజు ఎవరి పేరు మీద ఉంది?
న్యూజెర్సీలో ఇళ్ళు కొనుక్కున్న తెలుగువారికి బహిరంగ లేఖ

నమస్కారం.

ఈ ఉత్తరం చదివే ముందు మీ ప్రాపర్టీ టాక్స్ బిల్లు ఒకసారి బయటికి తీయండి. స్కూలు పన్ను దగ్గరున్న అంకె చూసి నిట్టూర్చి మడిచి పెట్టేస్తాం అందరం. ఈసారి కింది దాకా చదవండి. కౌంటీ ఓపెన్ స్పేస్ అని ఒక వరుస కనబడుతుంది. చాలా టౌన్‌షిప్పుల్లో మున్సిపల్ ఓపెన్ స్పేస్ అని ఇంకొకటి కూడా ఉంటుంది. చిన్న మొత్తమే. చిన్నది కాబట్టే పన్నెండేళ్ళ పాటు నేను దాని వంక చూడలేదు. ఆ డబ్బులో కొంత పార్కులకి పోతుంది, కొంత పొలాలకి పోతుంది. పొలాలకి పోయే డబ్బు గురించి మీతో మాట్లాడాలని రాస్తున్నాను.

ప్రిన్స్‌టన్ వైపు నుంచి 206వ నంబరు రోడ్డు మీద బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తుంటే మాంట్‌గోమరీ, హిల్స్‌బరో దగ్గర అటూ ఇటూ పొలాలు కనిపిస్తాయి. ఎకరం దొరికితే చాలని బిల్డర్లు కాచుకుని కూర్చున్న చోట మొక్కజొన్న ఎలా మిగిలిందా అని నాకు ఎన్నోసార్లు అనిపించింది. ఈ రాష్ట్రంలో చాలా పొలాలు మిగిలింది వాటంతట అవి కాదు. మనందరం డబ్బు కట్టి మిగుల్చుకున్నాం.

అదెలాగంటే, రైతు భూమిని అమ్మడు. ఆ భూమి మీద ఇళ్ళు కట్టే హక్కు ఒక్కటే అమ్ముతాడు. మన మాటల్లో చెప్పాలంటే పొలం ఆయన పేరు మీదే ఉంటుంది, వెంచర్ వేసే హక్కు మాత్రం కౌంటీకో రాష్ట్రానికో పోతుంది. ఉదాహరణకి ఎకరం బిల్డరుకి అమ్మితే 30 వేల డాలర్లు, సాగు కోసమే అమ్మితే 10 వేలు పలుకుతుందనుకోండి. తేడా 20 వేలు రైతు చేతికొస్తుంది. ఇద్దరు అప్రైజర్లు విడివిడిగా విలువ కట్టాక ధర తేలుస్తారు. షరతులన్నీ డీడ్‌గా రాసి కౌంటీలో రిజిస్టర్ చేస్తారు. దాన్నే ఈజ్‌మెంట్ అంటారు. అది భూమిని పట్టుకుని ఉంటుంది. రైతు పోయినా, పిల్లలు అమ్మేసినా, కొన్నవాళ్ళు ఇంకొకరికి అమ్మినా ఆ షరతులు ఎప్పటికీ ఉంటాయి.

ఇందుకు 1981లో ఓటర్లు 5 కోట్ల డాలర్ల బాండ్లకి ఒప్పుకున్నారు. 1983లో చట్టం వచ్చింది, రాష్ట్ర వ్యవసాయాభివృద్ధి కమిటీ ఏర్పడింది. 1998లో మళ్ళీ ఓటు వేసి ఏటా నికరంగా నిధులు వచ్చేలా చేశారు. 2014లో కార్పొరేషన్ పన్నులో కొంత వాటా రాజ్యాంగ సవరణ ద్వారా ఇటు మళ్ళించారు. కౌంటీలు కొనే ఈజ్‌మెంట్లలో మామూలుగా 60 నుంచి 80 శాతం ఖర్చు రాష్ట్రం పెట్టుకుంటుంది, మిగతాది కౌంటీ, టౌన్‌షిప్ కలిసి భరిస్తాయి. కొన్నిటికి ఫెడరల్ వ్యవసాయ శాఖ డబ్బు కూడా కలుస్తుంది. ఇప్పటికి 2,800కి పైగా పొలాలు, సుమారు రెండున్నర లక్షల ఎకరాలు ఇలా నిలిచాయి. తెనాలి దగ్గర మా ఊరి మాగాణి సరిహద్దు రాళ్ళు పాతిన ప్లాట్లయిపోవడం కళ్ళారా చూసి వచ్చినవాణ్ణి. ఈ పథకం మీద నాకు గౌరవం తప్ప ఇంకోటి లేదు. అందుకే దాని లోపం చూసి ఊరుకోలేకపోతున్నాను.

మా కాలనీ వెనక కంచె అవతల ఇలాంటి పొలమే ఒకటి ఉంది. ఓ ఏడాది మార్చిలో పొద్దున్న ఆరింటికల్లా డంపు ట్రక్కులు రావడం మొదలైంది. ఒక శనివారం కూర్చుని లెక్కపెట్టాను, పదకొండు వచ్చాయి. మట్టి తెచ్చి పోస్తున్నారు. మా వైపు నేల ఎర్రగా ఉంటుంది. వీళ్ళు పోసింది బూడిద రంగులో ఉంది. కంచె దగ్గరికి వెళ్ళి చూస్తే అందులో ఇటుక ముక్కలు, తారు పెచ్చులు, ఒకచోట నీలం రంగు ప్లాస్టిక్ పైపు ముక్క కనిపించాయి. మా వీధిలో సగం ఇళ్ళకి ఇంకా బావి నీళ్ళే. నాకు టెన్షన్ పట్టుకుంది.

అది తప్పు పని అని నేను అనను. రోడ్డు వేసుకోవడానికో, కొట్టం కట్టుకోవడానికో అనుమతి తీసుకుని పోయించి ఉండొచ్చు. అడిగి తెలుసుకుందామన్నాను, అంతే. అడగాలంటే ఒక పేరు కావాలి కదా. ఆన్‌లైన్ మ్యాపులో ఆ పొలానికి ఆకుపచ్చ రంగు వేసి ఉంది, మన సర్వే నంబరులాంటి బ్లాకు నంబరు, లాటు నంబరు ఉన్నాయి, యజమాని పేరు లేదు. టౌన్‌షిప్‌లో అడిగితే కౌంటీకి వెళ్ళమన్నారు. కౌంటీలో అడిగితే ఓప్రా రిక్వెస్ట్, అంటే ఇక్కడి సమాచార హక్కు దరఖాస్తు, పెట్టమన్నారు. ఏడు పనిదినాల్లో జవాబివ్వాలని చట్టం. గడువు పొడిగించారు, మళ్ళీ పొడిగించారు. చివరికొచ్చిన కాగితంలో పాతికేళ్ళ కిందట ఈజ్‌మెంట్ అమ్మిన భార్యాభర్తల పేర్లున్నాయి. ఇద్దరూ ఎప్పుడో చనిపోయారు. పిల్లలు పొలం అమ్మేశారు, కొన్నాయన కూడా అమ్మేశాడు. డీడ్లు ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోతే ఇప్పుడది ఒక ఎల్‌ఎల్‌సీ, అంటే ఒక ప్రైవేటు కంపెనీ, పేరు మీద ఉందని తేలింది. దాని అడ్రసు ఒక లాయరు ఆఫీసు. అక్కడికి చేరడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అప్పటికి ఆ మట్టి మీద గడ్డి మొలిచింది.

మా నాన్న అర ఎకరం కొన్నా ముందు ఈసీ తీయించేవాడు. ముప్పై ఏళ్ళ ఈసీ. ఎవరు ఎవరికి అమ్మారు, మీద అప్పుందా, తాకట్టుందా అని వేలితో ఒక్కో వరసా చూసుకునేవాడు. అడంగల్లో పట్టాదారు పేరు ఒక గడిలో, అనుభవదారు పేరు ఇంకో గడిలో ఉండేవి. ఆ రికార్డుల్లో ఎన్ని తప్పులున్నాయో, ఎన్ని లంచాలు నడిచాయో మనందరికీ తెలుసు. అయినా ఫలానా సర్వే నంబరు ఎవరిదంటే ఒక పేరు చెప్పే కాగితం ఊళ్ళో ఉండేది. ఈసీ చూడకుండా అడ్వాన్సు ఇవ్వని ఇంట్లో పుట్టినవాళ్ళం, ఇక్కడ రెండున్నర లక్షల ఎకరాల మీద హక్కులు కొని, అవి ఎవరి పొలాల మీద ఉన్నాయో అడగకుండా కూర్చున్నాం.

ఒక్క మాట ఒప్పుకోవాలి. కొనేటప్పుడు ఏదీ దాచరు. రాష్ట్ర కమిటీ తీర్మానాల్లో అమ్ముతున్న యజమాని పేరు, బ్లాకు, లాటు, ఎన్ని ఎకరాలు, ఎకరానికి ఎంత, ఎవరి వాటా ఎంత అన్నీ రాసి ఉంటాయి. ఎవరైనా చదువుకోవచ్చు. నేను చదివాను, చాలా శ్రద్ధగా రాస్తారు. సంతకాలైన రోజుతో ఆ వివరం ఆగిపోతుంది. డీడ్ ఎప్పటికీ ఉండేదైనా సమాచారం మాత్రం మొదటి యజమాని దగ్గరే నిలిచిపోతుంది. డీడ్‌ని మీరేది మామూలుగా మొదటి యజమాని కాదు. ఆయన ఆ డబ్బు తీసుకున్నాడు, షరతులేమిటో ఒక్కొక్క వాక్యం చదివి ఒప్పుకున్నాడు. చిక్కు ఎక్కువగా రెండో చేతికి, మూడో చేతికి మారాకే వస్తుంది.

హంటర్‌డన్ కౌంటీ ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్‌లో జరిగింది చూడండి. క్వేకర్ వ్యాలీ ఫార్మ్స్ కేసు అంటారు. దాదాపు 120 ఎకరాల పొలం, ఈజ్‌మెంట్ ఉన్నదే. పూలు పెంచడానికి హూప్ హౌసులు, అంటే ప్లాస్టిక్ కప్పిన పందిళ్ళు, వేయాలని యజమాని సుమారు 20 ఎకరాల మేలైన నేలని తవ్వి చదును చేయించాడు. పూల సాగూ వ్యవసాయమే కదా అన్నది ఆయన వాదన. నేలని పాడుచేయకూడదని డీడ్‌లో ఉందన్నది రాష్ట్ర కమిటీ వాదన. కోర్టుల్లో ఏళ్ళ తరబడి నడిచింది. 2018లో న్యూజెర్సీ సుప్రీం కోర్టు డీడ్‌ని ఉల్లంఘించినట్టేనని తీర్పు చెప్పింది. ఆయన దొంగ కాదు, పూలు పండించే రైతు. అయినా తీర్పు వచ్చేసరికి ఆ 20 ఎకరాల నేల ఎప్పుడో పోయింది. పై మట్టి ఒక అంగుళం తయారవడానికి కొన్ని వందల ఏళ్ళు పడుతుంది. కోర్టు దాన్ని వెనక్కి తేలేదు. ట్రాక్టరు దిగిన మొదటి వారంలోనే పక్కింటివాళ్ళు ఫలానా వారి పొలంలో తవ్వుతున్నారు, చూడండి అని ఫోన్ చేయగలిగే పరిస్థితి ఉండాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చేది ఏడాదికి ఒకసారి. పక్కింటివాళ్ళు ఉండేది ఏడాది పొడుగునా.

పేరు ఎందుకు దాచాల్సి వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ కారణం చిన్నది కాదు. 2020 జూలైలో నార్త్ బ్రన్స్‌విక్‌లో ఫెడరల్ జడ్జి ఎస్తర్ సలాస్ ఇంటి తలుపు ఒక దుర్మార్గుడు కొట్టాడు. తలుపు తీసిన ఆమె కొడుకు డేనియల్‌ని కాల్చి చంపాడు. ఆ పిల్లాడికి 20 ఏళ్ళు. మనవాళ్ళు ఎంతోమంది ఉండే ఊరది, ఆ వారం మన ఇళ్ళల్లో వేరే మాట లేదు. అదే ఏడాది డేనియల్ చట్టం వచ్చింది. జడ్జీలు, పోలీసులు, ప్రాసిక్యూటర్ల ఇంటి అడ్రసులు బయటపెట్టకూడదు. ఆ తర్వాత రాష్ట్రం ఆన్‌లైన్‌లో పెట్టే పార్సెల్ డేటాలో, అంటే స్థలాల వివరాల్లో, యజమానుల పేర్లు కనిపించడం మానేశాయి. ఆ తల్లికి జరిగింది ఇంకెవరికీ జరగకూడదు. ఆ రక్షణలో ఒక్క అక్షరం కూడా తగ్గించమని నేను అడగను.

కాని ఆ చట్టం కాపాడేది మనుషుల్ని. లాయరు ఆఫీసు అడ్రసుతో పొలం పెట్టుకున్న ఎల్‌ఎల్‌సీకి ఆ భయం ఏముంది? ఎల్‌ఎల్‌సీల వెనక అసలు మనుషులెవరో ఫెడరల్ ప్రభుత్వానికి చెప్పాలని 2021లో ఒక చట్టం తెచ్చారు. 2025 మార్చిలో అమెరికాలో పెట్టిన కంపెనీలన్నిటికీ దాన్నుంచి మినహాయింపు ఇచ్చేశారు. ఇక మనకి తెలిసే దారి ఎక్కడిది? ఫెడరల్ వ్యవసాయ శాఖ వైపు చూద్దామంటే 2008 ఫార్మ్ బిల్లు అనే వ్యవసాయ చట్టంలో 1619వ సెక్షన్ ఉంది. రైతు ఇచ్చిన సాగు వివరాలు, పొలం మ్యాపులు ఆ శాఖ బయటపెట్టకూడదు. అదే సెక్షన్, ఎవరికి ఎంత డబ్బు ఇచ్చారన్నది చెప్పడానికి మాత్రం అడ్డుపడదు. ఏ మడిలో ఏం వేశావని రైతుని అడగకూడదు, ప్రజల డబ్బు ఎవరికి వెళ్ళిందని సర్కారుని అడగొచ్చు. ఆ గీత సరైన చోటే ఉందని నాకనిపిస్తుంది. నేను అడిగేది కూడా ఆ గీతకి ఇవతలే ఉంది.

ఈజ్‌మెంట్ అనే మాట మీలో కొందరు వేరే చోట విని ఉంటారు. టాక్స్ సీజన్ వస్తే చాలు, లక్ష పెడితే నాలుగు లక్షల డిడక్షన్ వస్తుందని నా స్నేహితుడొకడికి ఎవరో సలహాదారు పదేపదే ఫోన్ చేశాడు. అదో పెద్ద వ్యాపారం. ఎక్కడో భూమి కొంటారు, దాన్ని వాటాలుగా అమ్ముతారు, అక్కడ రిసార్టు కట్టేవాళ్ళమే అని విలువ ఆకాశానికి ఎత్తి చూపిస్తారు, ఆ హక్కుని దానం చేసినట్టు రాసి తలా ఇంత పన్ను తగ్గించుకుంటారు. ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2016 డిసెంబరులో వీటి మీద హెచ్చరిక నోటీసు ఇచ్చింది. 2020లో సెనేట్ ఫైనాన్స్ కమిటీ పెద్ద నివేదిక ఇచ్చింది. 2022 చివర్లో వచ్చిన చట్టం, పెట్టినదానికి రెండున్నర రెట్లు మించి డిడక్షన్ చూపిస్తే చెల్లదంది. మన న్యూజెర్సీ పొలాల పథకానికీ దానికీ సంబంధం లేదు, రెంటినీ ఒకే గాటన కట్టొద్దు. ఇక్కడ అసలైన రైతు ఉన్నాడు, అసలైన వెల కట్టారు. కాని ఆ వ్యాపారం అన్నేళ్ళు ఎలా సాగిందో చూడండి. భూమి వెనక ఎవరున్నారో బయటివాడికి కనపడకపోవడం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

మా ఇంటికి రెండు మైళ్ళలో ఒక ఫార్మ్ స్టాండ్ ఉంది. ఆగస్టులో మొక్కజొన్న పొత్తుల కోసం వెళ్తాం. అక్కడుండే పెద్దాయన తన పొలం హక్కులు ఎప్పుడో అమ్మేశాడు. రోడ్డు పక్కన బోర్డు కూడా పెట్టుకున్నాడు. ఇలా పేర్లు చెప్పాలని అడుగుదామనుకుంటున్నాను, మీకేమనిపిస్తుంది అని ఆయన్నే అడిగాను. పొత్తులు సంచీలో వేస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "నా పేరు దాచుకునేదేం లేదు, ఆ బోర్డు నేనే పాతాను. కాని పన్ను డబ్బు పెట్టారు కాబట్టి ఇది పార్కు అనుకుని లోపలికి వచ్చేస్తారు. పిల్లల్ని గుమ్మడికాయల మీద నిలబెట్టి ఫొటోలు తీసుకుంటారు. తీగలు తొక్కేస్తారు."

ఆయన అలా అంటుంటే నాకు సిగ్గేసింది. వాళ్ళల్లో మనవాళ్ళూ ఉన్నారు. ఈజ్‌మెంట్ కొన్నంత మాత్రాన మనకి ఆ గట్టు మీద అడుగు పెట్టే హక్కు రాదు. అది ప్రైవేటు భూమి. యజమాని పిలిస్తేనే వెళ్ళాలి. ఈ సంగతి మన వాట్సాప్ గ్రూపుల్లో అందరికీ చెప్పండి. రైతులు మనని నమ్మకపోతే మనం అడిగేది ఎన్నటికీ రాదు.

ఇక నేను అడుగుతున్నది. ప్రజల డబ్బుతో ఈజ్‌మెంట్ కొన్న ప్రతి పొలానికీ ఏటా ఒక వరుస ప్రచురించాలి. బ్లాకు, లాటు, ఎకరాలు. ఎప్పుడు కొన్నారు, ఎంత పెట్టారు. ఈరోజు యజమాని ఎవరు, ఎప్పట్నుంచి. కంపెనీ అయితే దాన్ని నడిపే మనిషి పేరు. కిందటిసారి తనిఖీ ఎప్పుడైంది, ఏం తేలింది. ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, పంటల వివరాలు, ఆదాయం అక్కర్లేదు. డేనియల్ చట్టం కింద ఉన్నవారి పేరు ఉండాల్సిన పని లేదు, ఆ గడిలో చట్టప్రకారం తీసేశామని రాస్తే చాలు. ఇందుకు కొత్తగా ఉద్యోగులెవరూ అక్కర్లేదు. ఈ పొలాలన్నిటినీ ఏటా తనిఖీ చేయాలని ఇప్పటికే నియమం ఉంది. తనిఖీకి వచ్చినవాళ్ళు పొలం ఎవరిదో రాసుకోకుండా వెళ్ళరు కదా. బీరువాలో ఉన్న కాగితం బల్ల మీద పెట్టమంటున్నాను. మెయిన్ రాష్ట్రంలో 2007 నుంచే ఈజ్‌మెంట్లు పట్టుకున్న ప్రతి సంస్థా తన దగ్గరున్న వాటి వివరాలు ఏటా రాష్ట్ర రిజిస్ట్రీకి ఇవ్వాలి. అక్కడ రైతులు ఈజ్‌మెంట్లు ఇవ్వడం మానేయలేదు.

ఇంకో లాభం కూడా ఉంది, ఇది నాకు తర్వాత తట్టింది. ఇక్కడ చాలా పొలాలు యజమాని దున్నడు, కౌలుకిస్తాడు. మన అడంగల్లో అనుభవదారు గడి ఉన్నదీ అందుకే. గోంగూర, ఆనపకాయ, దోసకాయ రెండు ఎకరాల్లో పండిద్దామని తిరిగే మన కుర్రాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని నేనెరుగుదును. భూమి కొనలేరు, కౌలుకి ఎవరిని అడగాలో తెలియదు. ఖాళీగా గడ్డి పెరిగిన పొలం ఎవరిదో తెలిస్తే వెళ్ళి అడుగుతారు.

ఓటు లేదు కదా, మనమాటెవరు వింటారు అంటారేమో. హెచ్1 మీద ఉన్నా, గ్రీన్ కార్డు కోసం పదిహేనేళ్ళుగా ఎదురుచూస్తున్నా టాక్స్ బిల్లు మాత్రం ఠంచనుగా వస్తుంది. టౌన్‌షిప్ కౌన్సిల్ ప్రతి మీటింగులోనూ ప్రజలు మాట్లాడటానికి కొంత సమయం కేటాయించాలని ఈ రాష్ట్ర చట్టమే చెబుతోంది. లేచి పేరు, ఊరు చెప్పి మాట్లాడటమే, వీసా స్టాంపు చూపించమని ఎవరూ అడగరు. నేను మొదటిసారి లేచినప్పుడు నా గొంతు వణికింది. మూడు నిమిషాలిచ్చారు, రెండు నిమిషాల్లో ముగించి కూర్చున్నాను. పక్కనున్న ఇటాలియన్ ముసలావిడ నా చెయ్యి తట్టి, ముప్పై ఏళ్ళుగా వస్తున్నాను, ఈ సంగతి అడిగినవాళ్ళని చూడలేదు అంది.

వచ్చే నెల మా కౌన్సిల్ మీటింగుకి మళ్ళీ వెళ్తున్నాను. మా టౌన్‌షిప్ హద్దుల్లో డబ్బు పెట్టిన పొలాల బ్లాకు, లాటు నంబర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. ఒక్కొక్కటే చదివి, ఇది ఈరోజు ఎవరిది అని అడుగుతాను. మూడు నిమిషాల్లో తొమ్మిదికి మించి చదవలేను. మా వీధిలో ఇంకో నలుగురు వస్తే మిగతావి వాళ్ళు చదువుతారు. మీ టౌన్‌షిప్ జాబితా కావాలంటే క్లర్కుకి ఒక ఓప్రా రిక్వెస్ట్ పెట్టండి, ఎలా రాయాలో నా దగ్గర నమూనా ఉంది, పంపిస్తాను.

ఇట్లు,
మీలో ఒకడు